గోలపెట్టే నేలలో మెటల్ డిటెక్టర్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా?

పెరటి మట్టిలో బుద్ధిగా పనిచేసిన డిటెక్టరే ఇనుప ఖనిజాలున్న గుట్ట మీదికో, నల్ల ఇసుక మేటవేసిన వాగులోకో తీసుకెళ్తే ఆగకుండా మోగుతుంది. కాయిల్ (కర్ర చివర నేల మీద ఊపే పళ్లెం లాంటి భాగం) దించితే ఒక కూత, ఎత్తితే ఇంకో కూత. తవ్వి చూస్తే ఏమీ ఉండదు. లేదంటే అసలు మోగనే మోగదు, కాళ్ల కిందే నాణెం ఉన్నా పట్టించుకోదు. రెండూ ఒకే జబ్బు లక్షణాలు. నేల నుంచి వచ్చే సిగ్నల్ లోహం సిగ్నల్‌ను మింగేస్తోంది.

ఇలాంటి చోట చాలామంది చెయ్యి ముందు సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌ను పట్టించుకోవాలో చెప్పే) బటన్ మీదికే పోతుంది. లోతు తగ్గిందనిపించగానే పెంచేస్తారు. పెంచితే లోహం సిగ్నల్‌తోపాటు నేల సిగ్నల్ కూడా అంతే పెరుగుతుంది, మిషన్‌కు ఊపిరాడదు. ఖనిజ నేలలో చేయాల్సిన పనంతా నేల వాటాను తగ్గించడమే. కింద చెప్పే సర్దుబాట్లన్నీ దానికోసమే.

ముందు నేల సంగతి

డిటెక్టర్ కాయిల్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోహంలో సుడి కరెంట్లు పుట్టి, వాటి జవాబు కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలిచే మిషన్ ‘ఇది లోహం’ అని తేలుస్తుంది. చిక్కేమిటంటే నేలలోని ఇనుప ఆక్సైడ్లు కూడా అదే క్షేత్రానికి స్పందిస్తాయి.

అందులో మాగ్నటైట్ ఒకటి. నల్ల ఇసుకలో, బసాల్ట్ రాళ్లలో కనిపించేది ఇదే. బలంగా స్పందిస్తుంది కానీ దాదాపు ఆలస్యం లేకుండా స్పందిస్తుంది, అందుకే దాన్ని బ్యాలెన్స్ చేయడం, అంటే ఆ స్పందనను మిషన్ పట్టించుకోకుండా సర్దడం, కొంత సులువు. మాగ్హెమైట్ అలా కాదు. దాని అతిసన్నని రేణువులు క్షేత్రం మారాక కొంచెం వెనకబడి సర్దుకుంటాయి. ఆ వెనకబాటు అచ్చం లోహం ఇచ్చే ఆలస్యంలాగే ఉంటుంది. చాలా రకాల ఎర్రమట్టిలో, లేటరైట్‌లో, ఒకప్పుడు మంటలు మండిన చోట్లలో ఇది ఎక్కువ. మట్టి కాలితే అందులోని మామూలు ఇనుప ఆక్సైడ్లు బలమైన అయస్కాంత గుణమున్న రూపాల్లోకి మారిపోతాయి. అందుకే పాత పొయ్యి ఉన్న జాగాలో, ఇటుక ముక్కల దగ్గర డిటెక్టర్ ఉలిక్కిపడుతుంది.

మట్టి ఎర్రగా ఉంటే చాలు భయపడేవాళ్లున్నారు. ఆ ఎరుపుకు కారణం చాలాసార్లు హెమటైట్, దాని అయస్కాంత స్పందన బలహీనం. రంగును నమ్మకండి, అయస్కాంతాన్ని నమ్మండి. బలమైన అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొడి మట్టిలో రెండు మూడుసార్లు ఈడ్చి చూడండి. కవర్ అడుగున నల్లటి నూగు నిక్కబొడుచుకుని అంటుకుంటే ఆ రోజు పని ఎలా ఉండబోతోందో తెలిసినట్టే. కవర్‌ను తిరగేసి లాగితే నూగంతా రాలిపోతుంది, అయస్కాంతం శుభ్రంగానే ఉంటుంది.

మూడోది ఉప్పు. తడిసిన ఉప్పు నేల, సముద్రపు ఇసుక విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. వాటి జవాబు ఇనుప ఖనిజాలకు పూర్తిగా అవతలి కొసన, సన్నని రేకు, చిన్న బంగారు పలుకు ఉండే చోట పడుతుంది. రెండూ కలిసిన నేలలో, అంటే నల్ల ఇసుక ఉన్న తడి సముద్ర తీరంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్ ఒకదాన్ని సరిచేస్తే రెండోది తిరగబడుతుంది. అక్కడ మల్టీ ఫ్రీక్వెన్సీ మిషనో (ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడేది), పల్స్ ఇండక్షన్ మిషనో (దీని సంగతి చివర్లో చెబుతాను) ఉండాల్సిందే.

ఒక లెక్క కూడా గుర్తుంచుకోవాలి. చిన్న వస్తువు కాయిల్ వ్యాసార్ధం కంటే బాగా లోతుకు పోయాక, దూరం రెట్టింపైతే దాని సిగ్నల్ 64వ వంతుకు పడిపోతుంది. నేల మాత్రం కాయిల్‌కు ఆనుకునే ఉంటుంది. ఈ పోటీలో లోతున్న నాణెం ఎందుకు ఓడిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి అడుగు: గాలిలోని రొద

గ్రౌండ్ బ్యాలెన్స్ జోలికి వెళ్లే ముందు మిషన్ మోగుతున్నది నేల వల్లేనా అని తేల్చుకోండి. కాయిల్‌ను నడుము ఎత్తుకు లేపి, కదపకుండా పట్టుకోండి. అప్పుడూ చిటపటలాడితే అది కరెంటు తీగల నుంచో, జేబులోని ఫోన్ నుంచో, పక్కన ఇంకొకరు తిప్పుతున్న డిటెక్టర్ నుంచో వస్తోంది. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, తోటివాళ్ల నుంచి ఎడంగా జరగండి, ఆ తర్వాత నాయిస్ క్యాన్సిల్ చేయండి. కొన్ని మిషన్లలో దాన్నే ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ అంటారు. ఈ వరుస తిరగేస్తే, గాలిలోని రొద మధ్య చేసిన గ్రౌండ్ బ్యాలెన్స్ ఎప్పుడూ నిలకడగా ఉండదు.

రెండో అడుగు: సెన్సిటివిటీని ముందే దించడం

కొందరు దీన్ని చివరికి వదిలేస్తారు. నేను మాత్రం గ్రౌండ్ బ్యాలెన్స్‌కు ముందే ఒకసారి, తర్వాత మరోసారి చేయమంటాను. కారణం ఉంది. నేల మరీ బరువుగా ఉంటే లోపలి యాంప్లిఫయర్ నిండిపోతుంది, మిషన్ ఓవర్‌లోడ్ అని చూపిస్తుంది లేదా మూగబోతుంది. నిండిపోయిన సర్క్యూట్ మీద ఏ బ్యాలెన్సూ కుదరదు. కాయిల్ నేలకు తాకినప్పుడు ఓవర్‌లోడ్ వచ్చి, నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తగానే పోయిందంటే, ఎక్కడికి జరిగినా అలాగే జరుగుతోందంటే తప్పు నేలదే. ఒక్క చోటే వస్తే కింద పెద్ద ఇనుప సామాను ఉన్నట్టు.

సెన్సిటివిటీని సగం కంటే కాస్త పైన పెట్టి మొదలుపెట్టండి. ఓవర్‌లోడ్ ఇంకా వస్తుంటే దించుతూ పోండి. గ్రౌండ్ బ్యాలెన్స్ అయ్యాక ఒక్కో మెట్టు పెంచుకుంటూ, కాయిల్ మామూలుగా ఊపుతున్నప్పుడు చిటపటలు మొదలయ్యే చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఒకటి రెండు మెట్లు వెనక్కి రండి. అక్కడ ఆపేయండి. అంకె చిన్నదిగా కనిపించినా కంగారుపడొద్దు. 90 దగ్గర అరుస్తూ ఉండే మిషన్ కంటే 60 దగ్గర నిశ్శబ్దంగా ఉన్న మిషన్ ఇలాంటి నేలలో లోతైన నాణేన్ని బాగా వినిపిస్తుంది.

మూడో అడుగు: గ్రౌండ్ బ్యాలెన్స్

అసలు కిటుకంతా ఇక్కడుంది కాబట్టి తొందరపడకండి.

ముందు లోహం లేని జాగా కావాలి. ఆల్ మెటల్ మోడ్‌లో, అంటే ఏ లోహాన్నీ వడకట్టని మోడ్‌లో, పెట్టి ఒక చదరపు మీటరు నేలను రెండు దిక్కులా ఊపి చూడండి. ఏ ఒక్క చోటా ప్రత్యేకంగా మోగకపోతే అది పనికొస్తుంది. తుప్పుపట్టిన మేకు మీద బ్యాలెన్స్ చేశారంటే ఆ మేకునే నేలగా చూపించినట్టు, ఇక మిగతా నేలంతా తప్పుగా మోగుతుంది.

తర్వాత పంపింగ్. కాయిల్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని, సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తుకు దించి మళ్లీ లేపండి. ఒక్కో రాకపోకకు దాదాపు ఒక సెకను పట్టాలి. కాయిల్ ముక్కు కిందికి వాలకూడదు, నేలకు కొట్టుకోకూడదు. ఆటోమేటిక్ మిషన్‌లో బటన్ నొక్కి పట్టుకుని ఇలా చేస్తుంటే అంకె కాసేపు అటూ ఇటూ తిరిగి ఒకచోట నిలబడుతుంది. నిలబడ్డాక కూడా ఇంకో నాలుగైదుసార్లు చేసి వదలండి.

మాన్యువల్ అయితే చెవి పెట్టి వినాలి. దించుతున్నప్పుడు శబ్దం పెరుగుతుంటే చాలా మిషన్లలో అంకె తగ్గించాలి. ఎత్తుతున్నప్పుడు పెరుగుతుంటే అంకె పెంచాలి. కొన్ని మోడళ్లలో ఇది తిరగేసి ఉంటుంది, మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. రెండువైపులా శబ్దం ఒకేలా ఉంటేనో, లేదా అసలు మారకపోతేనో కుదిరినట్టు.

చిన్న బంగారు పలుకుల కోసం వెతికేవాళ్లు సరిగ్గా మధ్యలో ఆగరు. దించినప్పుడు శబ్దం చెవికి అందీ అందనంత పెరిగేలా కొంచెం పాజిటివ్‌గా వదిలేస్తారు. మంచి అలవాటే. లోతున ఉన్న బలహీనమైన లోహం సిగ్నల్‌కు అది చిన్న ఊతం. అటువైపు, అంటే నెగెటివ్‌లోకి జారితే మాత్రం అదే బలహీనమైన సిగ్నల్ మాయమైపోతుంది.

బ్యాలెన్స్ అంకె నేల గురించి కూడా చెబుతుంది. ఫిషర్ వాళ్ల ఎఫ్75, గోల్డ్ బగ్ ప్రో లాంటి 0 నుంచి 99 స్కేలున్న మిషన్లలో 75 నుంచి 95 మధ్య పడితే మాగ్నటైట్ తరహా నల్ల ఖనిజాలు, 40 నుంచి 75 మధ్య అయితే ఎరుపు, పసుపు, గోధుమ రంగు బంకమట్టి, 0 నుంచి 10 మధ్య అయితే తడి ఉప్పు. పొడి గుట్ట మీద 15, 20 వచ్చిందంటే కింద ఇనుప ముక్క ఉందని అనుమానించి జాగా మార్చండి. ఆ మిషన్లలోనే ఖనిజం ఎంత ఉందో చూపించే మరో మీటర్ ఉంటుంది, దాన్ని కూడా చూడాలి. మొదటి అంకె ఖనిజం రకాన్ని చెబితే ఇది మోతాదు చెబుతుంది. మోతాదు 1 శాతం దాటితే బరువైన నేల కిందే లెక్క.

ట్రాకింగ్ పెట్టాలా వద్దా

ట్రాకింగ్ అంటే నడుస్తూ ఉండగానే మిషన్ తనంతట తాను బ్యాలెన్స్ మార్చుకుంటూ పోవడం. ఒక అడుగులో నల్ల ఇసుక, రెండో అడుగులో బంకమట్టి ఉండే వాగుల్లో ఇది నిజంగా మేలు చేస్తుంది. నేల ఒకేలా ఉన్న చోట మాత్రం నా ఓటు మాన్యువల్‌కే. అనుమానం వచ్చిన చోట కాయిల్‌ను పదేపదే ఊపుతాం కదా, ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే ఆ చిన్న సిగ్నల్‌ను కూడా మిషన్ నేలేననుకుని తుడిచేస్తుంది. మొదటిసారి ఖంగుమన్నది నాలుగో ఊపుకు గొణుగుతుంది, ఆరో ఊపుకు ఏమీ ఉండదు. ‘ఏదో భ్రమ’ అనుకుని ముందుకు వెళ్లిపోతాం. ట్రాకింగ్ వాడుతుంటే సిగ్నల్ తగిలిన వెంటనే బ్యాలెన్స్ ఇక మారకుండా లాక్ చేసి, పక్కకు వెళ్లి, మళ్లీ వచ్చి పరీక్షించండి.

లాక్ చేసి తిరిగేవాళ్లు మట్టి రంగు మారినప్పుడు, గట్టు దిగి వాగులోకి వచ్చినప్పుడు, వాన పడ్డాక, కాయిల్ మార్చాక మళ్లీ పంపింగ్ చేయాలి. వీటికోసం ఎదురుచూడనక్కర్లేదు కూడా, మధ్యమధ్యలో రెండుసార్లు కాయిల్‌ను పైకీ కిందికీ ఆడించి చెవి పెడితే బ్యాలెన్స్ జారిందో లేదో తెలిసిపోతుంది.

నాలుగో అడుగు: డిస్క్రిమినేషన్, టార్గెట్ ఐడీ

ఖనిజ నేలలో టార్గెట్ ఐడీని, అంటే ఏ లోహమో చెప్పే స్క్రీన్ మీది అంకెను, సగమే నమ్మాలి. పైపైన ఉన్న నాణెం సరైన అంకె చూపిస్తుంది. అదే నాణెం లోతుకు పోయేకొద్దీ నేల సిగ్నల్ కలిసి దాని ఫేజ్‌ను (మిషన్ కొలిచే ఆలస్యాన్ని) ఇనుము వైపు లాగేస్తుంది. కొంత లోతు దాటాక రాగి, వెండి కూడా మేకులాగే మోగుతాయి. డిస్క్రిమినేషన్ (ఇనుము లాంటి చెత్త సిగ్నళ్లను వడకట్టే సెట్టింగ్) ఎక్కువ పెట్టుకున్నవాళ్లకు ఆ శబ్దం కూడా వినబడదు.

కాబట్టి దాన్ని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించండి. చెత్త ఇనుము మరీ ఎక్కువ లేకపోతే ఆల్ మెటల్ మోడ్‌లోనే తిరగండి. థ్రెషోల్డ్‌ను, అంటే ఆగకుండా మోగే నేపథ్య రొదను, చెవి దగ్గర దోమ ఉన్నట్టు సన్నగా వినబడేలా పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఆ రొద కాస్త ఉబ్బినా, కాస్త విరిగినా ఆగండి. ఒకవైపు ఊపినప్పుడు ఇనుములా, 90 డిగ్రీలు తిరిగి ఊపినప్పుడు మంచి లోహంలా మోగితే తవ్వాల్సిందే. అన్ని దిక్కుల నుంచీ స్థిరంగా ఇనుమే అంటే వదిలేయొచ్చు, అది కూడా సిగ్నల్ పైపైనే ఉన్నట్టు తెలిస్తేనే.

ఐదో అడుగు: కాయిల్, దాని ఎత్తు, ఊపు

పెద్ద కాయిల్ లోతు చూస్తుందన్నది మామూలు నేలకు వర్తించే మాట. ఇక్కడ పెద్ద కాయిల్ ఎక్కువ మట్టిని ఒకేసారి చూస్తుంది, అంటే ఎక్కువ గోల. 11 అంగుళాల కాయిల్ మొరాయిస్తున్న చోట 5, 6 అంగుళాల కాయిల్ ప్రశాంతంగా పనిచేయడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. రకాల్లోనూ తేడా ఉంది. కాన్సెంట్రిక్ కాయిల్ (ఒకదాని లోపల ఒకటిగా గుండ్రటి తీగచుట్లు) కంటే డబుల్ డీ కాయిల్ (డీ ఆకారంలో రెండు తీగచుట్లు) ఖనిజ నేలను మెరుగ్గా తట్టుకుంటుంది.

కాయిల్‌ను నేలకు రాస్తూ ఊపాలన్న అలవాటును ఇక్కడ కాస్త పక్కన పెట్టండి. రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు ఎత్తితే నేల సిగ్నల్ చాలా తగ్గుతుంది, దానికి పోగొట్టుకునే లోతు అంతకంటే తక్కువే. ఎత్తు ఎంతైనా సరే, అది మారకుండా చూసుకోవడం ముఖ్యం. ఊపు చివర్లో చేయి పైకి లేచిపోవడం అందరిలో ఉండే అలవాటు. కుడి కొసన, ఎడమ కొసన ప్రతిసారీ ఒకే రకం కూత వినిపిస్తుంటే అక్కడ వస్తువేమీ లేదు, కాయిల్ గాల్లోకి లేస్తోంది. ఊపు వెడల్పు తగ్గించండి, మోచేయి కాకుండా నడుము తిప్పండి.

వేగం మిషన్‌ను బట్టి ఉంటుంది. రికవరీ స్పీడ్ (ఒక సిగ్నల్ అయ్యాక తర్వాతిదానికి మిషన్ సిద్ధమయ్యే వేగం) సెట్టింగ్ ఉంటే దాన్ని ఒకటి రెండు మెట్లు పెంచి చూడండి. సిగ్నళ్లు చిన్నవిగా, తెగినట్టుగా వినిపిస్తాయి కానీ నేల రొద కూడా ముక్కలైపోతుంది.

ఫ్రీక్వెన్సీ ఎంచుకునే వీలుంటే వెతికేదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. గోల్డ్ మాన్‌స్టర్ 1000 పనిచేసే 45 కిలోహెర్ట్జ్, గోల్డ్ బగ్ 2 వాడే 71 కిలోహెర్ట్జ్ లాంటివి నలుసంత బంగారం కోసం. ఆ స్థాయిలో నేల గోల కూడా ఎక్కువ వినిపిస్తుంది. వెండి, రాగి నాణేలకైతే తక్కువ ఫ్రీక్వెన్సీయే సౌకర్యం. మల్టీ ఉంటే మల్టీలోనే పెట్టండి.

ఆరో అడుగు: మట్టిలోనే పరీక్ష

సెట్టింగులన్నీ అయ్యాక గాలిలో నాణెం ఊపి చూసుకుని తృప్తిపడటం వృథా. అక్కడ నేల లేదు. గుంత తీసి నాణెం పెట్టి పూడ్చినా మట్టి వదులైపోయి సరైన లెక్క రాదు. చిన్న గట్టు అంచు చూసుకుని, పైనుంచి కాకుండా పక్క నుంచి సన్నని కన్నం పొడవండి. నాణేన్ని అందులోకి పడుకోబెట్టినట్టు నెట్టండి. దాని పైన ఉన్న మట్టి కదలకుండా అలాగే ఉంటుంది. 10 సెంటీమీటర్ల లోతు దగ్గర మొదలుపెట్టి, సెన్సిటివిటీ, డిస్క్రిమినేషన్, కాయిల్ ఎత్తు ఒక్కొక్కటిగా మార్చి వినండి. ఒకేసారి రెండు మార్చకండి. ఈ నేలకు మీ మిషన్ ఎంతవరకు చూస్తుందో దీనితో తేలిపోతుంది.

హాట్ రాక్స్

చుట్టూ ఉన్న నేల కంటే ఎక్కువ ఖనిజమున్న రాయి, లేదా వేరే రకం ఖనిజమున్న రాయి లోహంలా మోగుతుంది. దీన్నే హాట్ రాక్ అంటారు. కొన్ని అచ్చం బంగారు నగ్గెట్‌లాగే మోగుతాయి. ఇంకొన్ని నెగెటివ్ రకం, కాయిల్ వాటిమీదుగా వెళ్లేటప్పుడు థ్రెషోల్డ్ మునిగిపోయి, దాటాక ‘బొయ్యి’మని తేలుతుంది. పోల్చుకోవడానికి కాయిల్‌ను నెమ్మదిగా పైకి లేపుతూ ఊపండి. రాయి సిగ్నల్ చప్పున చచ్చిపోతుంది, లోహం ఇంకొంచెం ఎత్తు వరకు వినిపిస్తుంది. దిక్కు మార్చి ఊపితే రాయి సిగ్నల్ జాగా జరిగినట్టు అనిపిస్తుంది. అయినా అనుమానం తీరకపోతే తవ్వి రాయిని చేతిలోకి తీసుకుని కాయిల్ ముందు ఆడించండి. అదే రకం రాళ్లు ఆ ప్రాంతమంతా ఉంటే ఒకటి జేబులో వేసుకోండి, సెట్టింగ్ మార్చినప్పుడల్లా పరీక్షకు పనికొస్తుంది.

ఇవేవీ పనిచేయకపోతే

ఒక హద్దు దాటాక వీఎల్ఎఫ్ డిటెక్టర్‌తో (ఆగకుండా క్షేత్రం పంపే మామూలు రకంతో) పోరాడటం దండగ. పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు భూముల్లాంటి చోట్ల పల్స్ ఇండక్షన్ మిషన్లు రాజ్యమేలడానికి కారణం అదే. అవి ఒక్కసారిగా పల్స్ పంపి, ఆపేసి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు వింటాయి. ఆ ఆగే లోపు మాగ్నటైట్ జవాబు అయిపోతుంది. మాగ్హెమైట్ జవాబు మాత్రం ఇంకా మిగులుతుంది, అందుకే వీటిలోనూ గ్రౌండ్ బ్యాలెన్స్ ఉంటుంది. పల్స్ డిలే పెంచితే నేల, ఉప్పు ఇంకా తగ్గుతాయి. బదులుగా నలుసు బంగారం కూడా పోతుంది, ఎందుకంటే దాని జవాబు ఆరిపోవడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టదు. మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ 6000 లాంటి వాటిలో ఇదంతా నార్మల్, డిఫికల్ట్ అన్న నేల రకాల ఎంపికలుగా ఉంటుంది. ముందు నార్మల్‌తో మొదలుపెట్టండి, భరించలేకపోతేనే డిఫికల్ట్‌కు వెళ్లండి. మోనో కాయిల్ (పంపడానికీ వినడానికీ ఒకే తీగచుట్టు ఉండేది) గోలపెడితే డబుల్ డీ పెట్టండి. ఇనుమును వేరుచేయడంలో మాత్రం ఈ మిషన్లు బలహీనం, మేకులు తవ్వడానికి సిద్ధపడాలి.

తవ్వేటప్పుడు

ఖనిజ నేలలో గుంత కూడా మోగుతుంది. చుట్టూ బరువైన మట్టి ఉండి మధ్యలో ఖాళీ ఉంటే కాయిల్‌కు అదొక మార్పుగానే తోస్తుంది, ఇంతకుముందు ఎవరో తవ్వి పూడ్చిన చోటా అంతే. కాయిల్‌ను గుంతలోకి వాల్చి చూస్తే నేల నాలుగువైపులా ఉంటుంది కాబట్టి బ్యాలెన్స్ చెదిరిపోయి కూత పెరుగుతుంది. దాన్ని నమ్మి ఇంకా లోతుకు పోవద్దు. తవ్విన మట్టిని ఒక పక్క, ముందే లోహం లేదని చూసుకున్న జాగాలో పల్చగా పరిచి, దాని మీద కాయిల్ ఊపండి. అక్కడ మోగితే ప్లాస్టిక్ చేటలోకి కొంచెం కొంచెంగా తీసుకుని, సగం సగం చేసుకుంటూ కాయిల్ ముందు పరీక్షించండి. పరిచిన మట్టిలో లేకపోతే గుంత గోడలను పిన్‌పాయింటర్‌తో (చేతిలో పట్టే చిన్న డిటెక్టర్‌తో) తడమండి. అది కూడా మట్టిని తాకగానే మోగే రకమైతే సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించండి, లేదా దాని కొనను మట్టికి ఆనించి ఉంచి అప్పుడు ఆన్ చేయండి. ఆ మట్టినే సున్నాగా తీసుకుని చాలా పిన్‌పాయింటర్లు నిశ్శబ్దంగా మొదలవుతాయి.